పింఛను – మా యింటి యనుభవము

మనుష్యుని జీవితమున కష్టపడు కాలమొకటి, కష్టపడలేని కాలమొకటి కలవు. మొదటిదానియందు సంపాదించినది రెండవదానికి చాలవలెనని యెల్లవారును కోరుదురు గాని, నెలజీతముపై బ్రదుకు గృహస్థునకు అది సాధ్యమగుట యరుదు. బియ్యము, గుడ్డ, పిల్లల చదువు, పెండ్లిండ్లు, జబ్బులు అను నైదు వాకిళ్ల గుండ జీతము వచ్చినది వచ్చినట్లే వెడలిపోవుచుండును. కావుననే, పని చేయించుకొన్న యజమాని పనివానికి సత్తువ యుడిగిన పిమ్మటను కొంత యిచ్చుచుండవలెనను ధర్మము పుట్టినది. అట్లిచ్చునది పింఛను. ఆ పనివాడు గతించిన పిదప అతని భార్యకును పిల్లలకును ఇచ్చునది కుటుంబ పింఛను. మొదటిదానిని అందఱు నెఱుగుదురు. రెండవదానిని, అది యవసరపడు దినము వచ్చువఱకు, ఎవరును తలపరు. మా కుటుంబము ఆ రెండవదానివలననే నిలిచినది గావున, దానిని గూర్చి నాలుగు మాటలు ఈ పత్రికలో వ్రాయ బూనితిమి.

దిక్కులేనివారి పోషణము లోకమునకు క్రొత్త విషయము కాదు. మన పాఠశాలలో వేదపాఠము చదివిన పిల్లలు రూతు కథ నెఱుగుదురు. ఆమె బోయజు పొలములో పరిగె యేరుకొని అత్తగారిని పోషించినది. అయితే ఆ పరిగె బోయజు దయవలన మాత్రమే లభించినది కాదు. కోతకాలమున పొలములో మఱచిన పనకొఱకు యజమాని మరలిపోరాదనియు, అది పరదేశికిని, తండ్రి లేనివానికిని, విధవరాలికిని విడువవలెననియు ద్వితీయోపదేశకాండమున ధర్మశాస్త్రమే విధించినది. రూతు చేయి చాచి యాచింపలేదు. తనకు ధర్మము విడిచిన పాలును వంగి యేరుకొన్నది. లేవీయులు ఏబది యేండ్లు నిండినతోడనే గుడారపు సేవనుండి విరమింపవలెనని సంఖ్యాకాండమున నున్నది. ఆదిసంఘమున విధవరాండ్రకు దినదినము జరుగు పరిచర్యయందు కొందఱు విడువబడుచున్నారని సణుగు పుట్టగా, ఆ పనిని చక్కబఱచుటకు ఏడుగురిని ఏర్పఱచిరని అపొస్తలుల కార్యములలో జదువుదుము. కావున ప్రశ్న ప్రాచీనమైనదే: పనిచేయలేనివారికిని, పనివానిని గోల్పోయినవారికిని దొరకునది దయాభిక్షయా, లేక వారి పాలా?

మన దేశమున ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 1871వ సంవత్సరపు పింఛనుల చట్టము పింఛనుదారునకు ఒక గొప్ప మేలు చేసినది. అప్పులవారు ఎంతటివారైనను పింఛను సొమ్మును జప్తు చేయింపరాదని శాసించినది. అయితే ఆ చట్టమే పింఛను కొఱకు సివిలు కోర్టులో దావా వేయుటకు అడ్డుకట్టయు వేసినది. అనగా ఇచ్చినది ఇంకొకడు లాగుకొనరాదు. ఇయ్యనిచో అడుగుటకు తేలికగా వీలు లేదు. ఇది బహుమానపు లక్షణమే గాని బాకీ లక్షణము కాదు. 1971లో బీహారునకు చెందిన దేవకీనందన ప్రసాదుగారి వ్యాజ్యములో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వము దయదలచి యిచ్చునది కాదనియు, అది ఉద్యోగి ఆస్తివంటి హక్కనియు తీర్పు చెప్పినది. 1982 డిసెంబరు 17వ తేదీన నకారాగారి వ్యాజ్యములో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ మాటను మఱింత స్పష్టము చేసినది. 1979 మార్చి 31వ తేదీకి ముందు విరమించినవారికి ఒక లెక్క, తరువాత విరమించినవారికి మేలైన మఱియొక లెక్క యుండుట న్యాయము కాదనియు, పింఛను గడచిన సేవకు చెల్లింపవలసిన ప్రతిఫలమనియు ఆ తీర్పు సారాంశము. నేటికిని డిసెంబరు 17వ తేదీని వృద్ధోద్యోగులు పింఛనుదారుల దినమని జరుపుకొనుచున్నారు.

విధవరాండ్ర పాలు ఇంకను ఆలస్యముగా వచ్చినది. కేంద్రప్రభుత్వోద్యోగుల కుటుంబములకు నేటివంటి కుటుంబ పింఛను 1964 జనవరి 1వ తేదీనుండి ఏర్పడినది. ఆరంభమున అదియు ఊరక వచ్చినది కాదు. ఉద్యోగి తన గ్రాట్యుటీలో రెండు నెలల జీతమంత విడిచిపెట్టవలసి యుండెను. ఆ నిబంధన 1977లో తొలగినది. 1964కు పూర్వము విరమించిన లేక గతించినవారి భార్యలు ఈ యేర్పాటునకు వెలుపలనే యుండిపోయిరి. పూనమ్మాళ్ అను విధవరాలు మొదలగువారు పెట్టుకొన్న యర్జీలపై 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన పిమ్మటనే వారికిని ఆ పాలు దక్కినది. ఆమె పోరాటము మూలమున ఎందఱు ముసలితల్లులు తమ కడపటి దినములలో ఒకరి గడప త్రొక్కకుండ బ్రదికిరో దేవునికే యెఱుక.

ఈ శాసనముల మాట ఎంత చెప్పినను, అవి ఒక యింటి పొయ్యివఱకు వచ్చి యేమి చేయునో చెప్పనిచో పిల్లలకు బోధపడదు. కావున మా యింటి సంగతి చెప్పుచున్నాము.

మా తండ్రిగారు తపాలా శాఖలో పోస్టుమానుగా నుండిరి. 1963లో ఉద్యోగమున ప్రవేశించి, ఇరువదినాలుగేండ్లు సైకిలుపై ఎండనక వాననక తిరిగి, 1987వ సంవత్సరపు వేసవిలో తమ నలువదితొమ్మిదవ యేట జ్వరపడి గతించిరి. మేము ముగ్గురము బిడ్డలము. పెద్దవానికి పదునాలుగేండ్లు, కడగొట్టు చెల్లెలికి ఆఱేండ్లు. మా తల్లిగారు నాలుగవ తరగతితో చదువు మానినవారు. మాకు పొలము లేదు. ఉన్న యిల్లు అద్దెది.

ఆదరణకూటము ముగిసిన నాటి రాత్రి మా పెదతండ్రిగారును మేనమామగారును అరుగుమీద గూర్చుండి మా సంగతి యాలోచించిరి. పెద్దవాడు పెదతండ్రిగారి యింట, రెండవవాడు మేనమామగారి యింట, చెల్లెలు మిషను బోర్డింగులో, తల్లిగారు ఎవరియింట వీలైన వారియింట నుండునట్లు నిర్ణయము కానున్నది. వారు కఠినులు కారు. వారికిని బిడ్డలు గలరు, సంపాదనలు స్వల్పములు. ఉన్నంతలో మమ్ము పంచుకొనుటకంటె వారికి వేఱు దారి కనబడలేదు. అంతవఱకు తలుపుచాటున నిలిచి వినుచున్న మా తల్లిగారు మెల్లగా ముందుకు వచ్చి, “ఆయన ఇరువదినాలుగేండ్లు తిరిగిన తిరుగుడు ఊరకే పోదు గదా, బావగారూ. కాగితము వచ్చువఱకు పిల్లలు నా యొద్దనే యుందురు” అని పలికిరి. ఆమె బావగారియెదుట అంత మాట పలుకుట అదియే ప్రథమము.

ఆ కాగితము వచ్చుటకు తొమ్మిది నెలలు పట్టినది. కారణము ఒక పేరు. మా తల్లిగారికి పుట్టింట పెట్టిన పేరొకటి, బాప్తిస్మమునాడు సంఘపు పుస్తకములో నెక్కిన పేరు వేఱొకటి. వివాహపత్రికలో బాప్తిస్మపు పేరుండగా, సర్వీసు పుస్తకములోని కుటుంబ వివరములలో ఇంటివారు పిలుచు పేరుండెను. ఆ రెండు పేర్లును ఒక్క స్త్రీవే యని ఊరంతయు నెఱుగును. కాగితము మాత్ర మెఱుగదు. కాగితములు పై కార్యాలయమునకు పోవుటయు, ఆక్షేపణతో తిరిగివచ్చుటయు, మరల పోవుటయు జరుగుచుండెను. ఒకమాఱు సంఘకాపరిగారి పత్రము చాలదనిరి. ఒకమాఱు ప్రధానోపాధ్యాయులవారి సంతకము చాలదనిరి. తుదకు మండల రెవిన్యూ అధికారి యిచ్చిన ధ్రువపత్రముతో ఆ చిక్కు వీడినది.

ఆ తొమ్మిది నెలలు మేము మఱువజాలము. తల్లిగారు ఇరుగుపొరుగు వారి రవికలు కుట్టిరి. బోర్డింగువారు ఫీజు కొఱకు తొందరపెట్టలేదు. అంగడివాడు మాత్రము మొదటినుండియు బియ్యము అరువిచ్చుచునే యుండెను. అతని దయకు మేము ఋణపడియున్నాము గాని, అతని ధైర్యమునకు కారణము దయ యొక్కటియే కాదు. “సర్కారు సొమ్ము ఆలస్యమగును గాని ఎగిరిపోదు” అని అతడు తన గుమాస్తాతో ననుట మేము వింటిమి. రాకమునుపే ఆ పింఛను మాకు అప్పు పుట్టించినది. రానున్నదని నమ్మకమున్న సొమ్మునకు అంత బలము గలదు.

ఉత్తరువు వచ్చినప్పుడు దానిలో రెండు అంకెలును ఒక తేదీయు నుండెను. మా తండ్రిగారి కడపటి మూలవేతనము 1,100 రూపాయలు. ఏడేండ్లకు తక్కువ కాని సేవ చేసి ఉద్యోగములో నుండగా గతించినవారి కుటుంబమునకు ఏడేండ్లపాటు మూలవేతనములో సగము చెల్లింపవలెనని నాటి నియమము. ఆ ప్రకారము 550 రూపాయలు వచ్చును. ఏడేండ్లు గడచిన పిమ్మట నూటికి ముప్పది వంతున 330 రూపాయలు. అయితే నాడు కనీసపు కుటుంబ పింఛను 375 రూపాయలు గావున అంతయే యిత్తురు. వీనిపై కరువు భత్యము కలియును. బకాయిగా వచ్చిన సొమ్ముతో అంగడి యప్పు తీఱినది. గ్రాట్యుటీతోను భవిష్యనిధితోను రెండు గదుల పెంకుటిల్లు ఏర్పడినది. మమ్ము పంచుకొను మాట మరల ఎవరును ఎత్తలేదు.

మా తల్లిగారు ఆ యుత్తరువును మాచేత మూడుమాఱులు చదివించుకొనిరి. మొదటి యంకెకు సంతోషించిరి గాని, వారి మనస్సు ఆ తేదీమీదనే నిలిచినది. “ఏడేండ్లకు పెద్దవాడు కాలేజీలో నుండును, చిన్నది పెద్దక్లాసులో నుండును. అప్పుడే గదా సొమ్ము తఱుగునది” అనిరి. ఆ మఱుసటి సంవత్సరము, అనగా 1989లో, మా తండ్రిగారు పనిచేసిన తపాలాఫీసులోనే నెలకు 50 రూపాయల చొప్పున ఐదేండ్ల రికరింగు డిపాజిటు తెఱచిరి. పండుగకు గుడ్డలు లేకపోయిన సంవత్సరము కలదు గాని, ఆ యేబది కట్టని నెల లేదు. 1994 వేసవిలో పింఛను తఱిగిన నెలలోనే ఆ డిపాజిటు చేతికి వచ్చి, పెద్దవాని కడపటి యేటి పరీక్ష ఫీజును, చిన్నదాని పుస్తకములను అదియే భరించినది. మేము అటుపిమ్మట ఎన్నియో అర్థశాస్త్ర గ్రంథములు చూచితిమి గాని, నాలుగవ తరగతి చదువరి ఆ తేదీని చదివినంత బాగుగ మఱియెవరును చదువుట మేము చూడలేదు.

పింఛనువలన గలిగిన మేలు రూపాయలలో మాత్రమే లెక్కింపదగినది కాదు. అది మా తల్లిగారి పేర వచ్చినది. నెల మొదటి దినములలో వారు ఉదికిన చీర గట్టుకొని, పుస్తకము చేతబట్టుకొని, మా తండ్రిగారు సంచి భుజమున వేసికొని వెడలిన ఆ గుమ్మముననే లోపలికి బోయి సంతకము చేసి వచ్చెడివారు. ఎవరినిగాని యడుగలేదు, ఎవరికిగాని కృతజ్ఞత చెప్పవలసిన పని లేదు. ఎవరి యింట నెంతకాలము తినుట యను చింత లేని తల్లి పిల్లలను దండింపగలదు, దగ్గఱకు దీయగలదు, బడికి పంపగలదు. చెల్లెలి చదువు పెండ్లికొఱకు ఆపవలెనని బంధువులు చెప్పినప్పుడు, కాదని చెప్పు నోరు వారికి ఈ పింఛనే యిచ్చినది.

పదవి విరమించి బ్రదికియున్నవారి పింఛను గుణమును ఇట్టిదే. వృద్ధుడు కోడలి యెదుట మందులకు చేయి చాచుట యొక యవస్థ; మనుమలకు జీళ్లు కొనిపెట్టి తన మందులు తాను తెచ్చుకొనుట యొక గౌరవము. రొట్టె రెంటను ఒక్కటియే; తిను విధము వేఱు.

కాలముతోపాటు మొత్తములును మాఱినవి. 375 రూపాయల కనీస పింఛను 1996 జనవరి 1వ తేదీనుండి 1,275 రూపాయలు, 2006నుండి 3,500 రూపాయలు, 2016నుండి 9,000 రూపాయలు అయినది. ఎనుబదియేండ్లు నిండిన కేంద్ర పింఛనుదారులకు, కుటుంబ పింఛను పొందు విధవరాండ్రకు సహితము, నూటికి ఇరువది చొప్పున మూల పింఛనుపై అదనముగ నిత్తురు. మా తల్లిగారు ఆ వయస్సునకు చేరియున్నారు. ప్రతి సంవత్సరమును తాము బ్రదికియున్నట్లు పత్రమియ్యవలెను గదా. 2014నుండి అది వ్రేలిముద్ర యంత్రముద్వారా జరుగుచున్నది. ఏండ్లతరబడి సూదియు చీపురును బట్టిన వారి వ్రేళ్లు అరిగిపోయినందున యంత్రము వారిని గుర్తింపలేదు. 2021నుండి ముఖమును చూపి పత్రమిచ్చు పద్ధతి వచ్చుటచే ఆ యిబ్బంది తొలగినది. “ముఖమును జూచి యిచ్చుటయే మేలు, పేరు జూచి యిచ్చినప్పుడు తొమ్మిది నెలలు పట్టినది” అని వారు నవ్వుచుందురు.

కేంద్ర ఉద్యోగములలో 2004 జనవరి 1వ తేదీ మొదలుకొనియు, ఆంధ్రప్రదేశ ప్రభుత్వోద్యోగములలో అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ మొదలుకొనియు చేరినవారికి పాత పద్ధతి వర్తింపక, ఉద్యోగియు ప్రభుత్వమును నెలనెల చెల్లించిన నిధినిబట్టి పింఛను వచ్చు క్రొత్త పద్ధతి యేర్పడినది. ఆ నిధి ఎంత పెరుగునో ముందుగ నిశ్చయము లేనందున ఉద్యోగులు కలతపడిరి. 2025 ఏప్రిలు 1వ తేదీనుండి కేంద్ర ఉద్యోగులకు ఏకీకృత పింఛను పథకమను మఱియొక దారి కలిగినది. ఇరువదియైదేండ్ల సేవ చేసినవారికి కడపటి పండ్రెండు నెలల సగటు మూలవేతనములో సగమును, వారి యనంతరము భార్యకు లేక భర్తకు ఆ పింఛనులో నూటికి అఱువది వంతులును నిశ్చయముగ నిత్తుమని యందున్నది. ఏ పద్ధతి మేలో పెద్దలు తర్కించుచునే యున్నారు. ఆ తర్కమునకు మే మొక్క మాటయే చేర్చుదుము: విధవరాలికి కావలసినది పెద్ద యంకె కాదు, నిశ్చయమైన యంకె. నిశ్చయముగ తెలిసిన 375 రూపాయలకొఱకు మా తల్లిగారు ఏడేండ్లు ముందుగ సిద్ధపడగలిగిరి. తెలియని వేయికొఱకు ఎవరు సిద్ధపడగలరు?

తల్లిదండ్రులకు ఒక విన్నపము. “దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలె” నను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు. భార్య పేరు సర్వీసు పుస్తకమునందును, బ్యాంకు పుస్తకమునందును, ఆధారు నందును, సంఘపు రిజిస్టరునందును ఒక్క తీరుగ నున్నదేమో చూచుకొనుడు. పిల్లల పుట్టిన తేదీలు సరిచూచుకొనుడు. భవిష్యనిధికి వారసుని పేరు వ్రాసినంతమాత్రమున కుటుంబ పింఛను పని తీఱదు. అది వారసనామమునుబట్టి గాక నియమములనుబట్టి కుటుంబమునకు వచ్చునది, గావున కుటుంబ వివరములు వేఱుగ దాఖలై యుండవలెను. వికలాంగుడైన బిడ్డ యున్నచో ఆ సంగతి తప్పక వ్రాయింపుడు. తన పొట్ట తాను పోసికొనలేని యట్టి బిడ్డకు జీవితాంతము కుటుంబ పింఛను దొరకు నియమము గలదు. వీనినన్నిటిని మించి, ఆ కాగితములు ఏ పెట్టెలో నున్నవో ఇంటి యిల్లాలికి చెప్పుడు. భర్త మరణమును గూర్చిన మాట అశుభమని తలచి ఆమెకు చెప్పనివారు, ఆ యశుభము వచ్చిన దినమున ఆమెను చీకటిలో విడిచినవారగుదురు.

విద్యార్థులారా! మీలో కొందఱి తండ్రులు ప్రభుత్వోద్యోగులు, కొందఱి తండ్రులు రైతులు, కూలీలు. వృద్ధులకును, విధవరాండ్రకును, వికలాంగులకును ప్రభుత్వములు నేడు నెలనెల కొంత యిచ్చుచున్నవి. ఆంధ్రప్రదేశమున 2024 జూలైలో వృద్ధుల పింఛనును విధవరాండ్ర పింఛనును 4,000 రూపాయలు చేసిరి. దానిని పుచ్చుకొను అవ్వను జూచి ఎన్నడును తక్కువగ తలపకుడు. నాట్లు వేసిన చేయి, రోడ్డు వేసిన చేయి సర్వీసు పుస్తకములో లేకపోవచ్చును గాని, ఆ చేతుల కష్టముపైననే మనమందఱము తినుచున్నాము. రేపు మీలో కొందఱు గుమాస్తాలగుదురు, అధికారులగుదురు. ఒక విధవరాలి కాగితము మీ బల్లమీదికి వచ్చినప్పుడు దానిని మఱునాటికి త్రోయకుడు. మీకు అది ఫైలు. ఆమెకు అది బియ్యము, బడిఫీజు, బిడ్డలు తన యొద్ద నుండుట. పొలములో పరిగె విడుచుట యెట్టి పుణ్యమో, ఆ కాగితమును ఆలస్యము చేయక పంపుటయు నట్టి పుణ్యమే యని మేము నమ్ముచున్నాము.